బూడిద దిబ్బల గుట్టు తేలకముందే వాటిని చేజార్చుకోవద్దు

సంపాదకుల గారికి నమస్కారాలు.

రాయలసీమ పడమటి అంచున, బళ్లారి సరిహద్దు పల్లెల్లో, కృష్ణా తుంగభద్రల చుట్టుపక్కల ఊళ్లలో పొలాల మధ్యనో గుట్టల పాదాల దగ్గరో కనిపించే బూడిద దిబ్బల గురించి మీ పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా కల్యాణదుర్గం ప్రాంతంలో వీటిని బూదిదిబ్బలంటారు. విషయం కొంచెం పెద్దది కనుక ఉత్తరం కూడా పెద్దదైంది. వీలైతే కుదించకుండా ప్రచురించమని కోరుతున్నాను.

పోయిన నెల ఒక పెళ్లికి సొంతూరు వెళ్లినప్పుడు, ముహూర్తానికి ఇంకా వేళ ఉందని, పొలిమేరలోని దిబ్బ దాకా నడిచి వెళ్లాను. నేను బడికి పోయే రోజుల్లో అది మా మిద్దె కంటే ఎత్తుగా, ఏనుగు పడుకున్నట్టు ఉండేది. ఇప్పుడు ఉత్తరం వైపు సగం లేదు. యంత్రం పళ్లు దిగిన గాట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కోసిన చోట గోడలా నిలబడిన భాగంలో పొరలు పొరలుగా నాలుగు వేల ఏళ్ల నాటి జీవితం బయటపడి ఉంది: పిండిలాంటి తెల్లటి బూడిద, దాని కింద కాలీకాలని గోధుమరంగు పేడ పొర, మధ్య మధ్య గాజులా కరిగి నురుగుగా గడ్డకట్టిన చిట్టెం, మళ్లీ బూడిద. ఆ గోడ దగ్గర నిలబడి చేత్తో తాకి చూస్తే వేలికి అంటిన పొడిని తుడుచుకోవడానికి మనసొప్పలేదు.

ఆ బూడిదను తోలుకుపోయినవాళ్లను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మా ప్రాంతంలో పాటిమన్ను చేనికి బలమని తరతరాలుగా నమ్మకం. పాత ఊళ్ల దిబ్బల మట్టిని వేసవిలో బండ్లతో తోలి పొలానికి చల్లుకోవడం సేద్యంలో ఒక భాగం. మా నాన్నగారూ ఈ దిబ్బ నుంచే బూడిద తోలారు; ఆ బండి మీద కూర్చుని వచ్చిన పిల్లవాణ్ణి నేనే. అది ఏమిటో మాకెవరూ చెప్పలేదు. అయితే పారతో తవ్వి ఎద్దుల బండికెత్తిన కాలంలో ఒక తరం తీసుకోగలిగినంత మట్టిని ఇప్పుడు యంత్రం ఒక్క పూటలో తీసుకుపోతుంది. నాకు భయం కలిగించింది ఆ తేడాయే.

ఈ దిబ్బలు వందకు పైగా ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఎక్కువ భాగం కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు, పాత గుల్బర్గా జిల్లాల్లోనూ, మిగిలినవి మన అనంతపురం, కర్నూలు, ఉమ్మడి మహబూబ్‌నగర్ వైపూ ఉన్నాయి. కొన్ని నేలకు సమానంగా అరిగిపోయాయి, కొన్ని పది మీటర్ల ఎత్తు దాకా నిలిచి ఉన్నాయి. ఇంత బూడిద ఒక్కచోట ఎలా పోగుపడిందన్న ప్రశ్న చూసిన ప్రతివారికీ కలిగింది. బళ్లారి దగ్గర కుడతిని దిబ్బను భీముడు చంపిన హిడింబాసురుణ్ణి కాల్చిన చోటని స్థానికులు చెప్పుకున్నారు. హంపీ పక్కన నింబాపురంలోని దిబ్బను వాలి చితాభస్మం అంటారు. ఈ కథలను నేను తేలికచేయను. మామూలు పొయ్యిలో, మామూలు కాష్ఠంలో మిగిలే బూడిద కాదిది, ఏదో అసాధారణమైన మంట ఇక్కడ మండిందని మన పూర్వులు సరిగ్గానే గ్రహించారు. ఆ మంటకు తగినంత పెద్ద దేహాన్ని తమకు తెలిసిన ఇతిహాసంలో వెదుక్కున్నారు.

పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ దిబ్బల గురించి మొదట వివరంగా రాశాడు. ఆ తరువాత ఇటుక బట్టీలన్నారు, ఇనుప కొలుములన్నారు, సామూహిక దహనాలన్నారు. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1863లో పల్లావరం దగ్గర పాతరాతి యుగపు గొడ్డలిని గుర్తించి మన దేశంలో పూర్వచరిత్ర అధ్యయనానికి దారి వేసినవాడు, ఈ దిబ్బల్లో నున్నగా నూరిన రాతి గొడ్డళ్లు దొరకడం చూసి ఇవి కొత్తరాతి యుగానివని, బూడిద పశువుల పేడ కాలగా మిగిలిందని చెప్పాడు. అప్పట్లో అందరూ ఒప్పుకోలేదు. 1960లో లండన్‌కు చెందిన పురావస్తు పరిశోధకుడు ఫ్రెడరిక్ జాయ్‌నర్ ఆ బూడిదను సూక్ష్మదర్శినితో పరీక్షించి అది పేడదేనని చూపించాక కొలిమి వాదన వెనుకబడింది. పశువు తిన్న గడ్డిలో ఇసుక గుణం ఉంటుంది. పేడ కుప్ప లోలోపల తీవ్రంగా మండినప్పుడు అదే కరిగి గాజుగా మారుతుంది. మా ఊరి దిబ్బలో నేను చూసిన చిట్టెం అదే.

బూడిద దేనిదో తేలింది. ఆ స్థలం ఎందుకోసమన్నది మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ రెండో ప్రశ్నే.

దీనికి సమాధానం వెదకడంలో పెద్ద అడుగు పడింది మన తెలుగు నేల మీదే. 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో తవ్వకం జరిపాడు. ఆదిలాబాద్ జిల్లాలో ఇదే పేరుతో ఉన్న ఊరు వేరు. ఆ తవ్వకాల నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే అచ్చువేసింది. ఉట్నూరులో బూడిద కింద బయటపడింది ఒక ఆవరణ. లావాటి చెట్ల దుంగలను వరుసగా నేలలో పాతి కట్టిన దడి, ఆ దుంగలు కుళ్లి, కాలి పోయినా అవి పాతిన గుంతలు మట్టిలో అచ్చుపడి మిగిలాయి. లోపలి దడిలో పశువులు, దానికీ వెలుపలి దడికీ మధ్య మనుషుల గుడిసెలు ఉండేవని ఆయన అర్థం చేసుకున్నాడు. దడి కాలిపోయింది; మళ్లీ అదే చోట కట్టారు; అదీ కాలింది; మళ్లీ కట్టారు. ఇలా పదేపదే జరిగింది. ఒకచోట బూడిద మీద పశువుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి. నాలుగు వేల ఏళ్ల కిందట ఆ దొడ్డిలోకి నడిచిన ఆవు గిట్ట ముద్ర చెరగకుండా మనదాకా వచ్చిందంటే, పాఠం చెప్పిన ఇన్నేళ్లలో ఆ సంగతి తలుచుకున్న ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరించేది. బొగ్గు వంటివాటి వయసు లెక్కగట్టే రేడియో కార్బన్ పద్ధతి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లోనే ఉట్నూరు బొగ్గును పరీక్షిస్తే, ఆ స్థలం నాలుగు వేల ఏళ్లకు పైబడినదని తేలింది. దక్షిణాదిలో కొత్తరాతి యుగం దాదాపు క్రీ.పూ. 3000 నుంచి 1200 దాకా నడిచిందని నేడు చెప్పుకుంటున్న కాలక్రమానికి తొలి ఆధారాల్లో ఇదొకటి.

ఇక అసలు చిక్కుముడి. సేద్యం తెలిసిన ఎవరైనా వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. పేడ రైతుకు ఆస్తి. పెంటకుప్ప ఎంత పెద్దదైతే ఇంటి గౌరవం అంత అని మా పెద్దలు అనుకునేవారు. వేసవిలో గొర్రెల మందను చేలో రాత్రిళ్లు పెట్టించుకోవడానికి రైతులు కాపరికి ధాన్యం కొలిచి ఇస్తారు. పిడకలు చేస్తే వంటచెరుకు. అటువంటి సంపదను ఏళ్ల తరబడి గుట్టగా పోగుచేసి, పొలానికి తోలకుండా, పొయ్యికి వాడకుండా, నిలువునా తగలబెట్టినవాళ్ల మనసులో ఏముంది? ఒక్కసారి అగ్గి అంటుకుంటే ప్రమాదం అనుకోవచ్చు, శత్రువుల దాడి అనుకోవచ్చు. ఒకే చోట అన్నిసార్లు కాలితే దాన్ని ప్రమాదమనలేం. మంట మంటకూ మధ్య పేడ దట్టంగా పేరుకునేంత వ్యవధి కూడా పొరల్లో కనిపిస్తూనే ఉంది.

ఆల్చిన్ దీనికి పండుగల్లో జవాబు వెదికాడు. హోలీ, దీపావళి, పొంగల్ వేళల్లో మంటలు వేయడం, పశువులను మంట పక్కగానో మంట మీదుగానో తోలడం నేటికీ ఉన్న ఆచారాలు. వలస బయలుదేరే ముందో, రుతువు మారే వేళో దొడ్డిని దహనం చేయడం వాటికి మూలరూపం కావచ్చునన్నాడు. తెలుగువాడికి ఈ మాట వినగానే భోగిమంట గుర్తుకొస్తుంది. చిత్తూరు వైపు వారికైతే పశువుల పండుగనాటి సాయంత్రం మరింత స్పష్టంగా గుర్తుకొస్తుంది. ఊరి బయట పశువుల దేవుడు కాటమరాజును నిలిపి పూజించి, చిట్లాకుప్పకు నిప్పంటించి, కొమ్ములకు రంగులు పూసిన పశువులను దాని పక్కగా తరిమే దృశ్యం చూసినవారెవరికీ ఆల్చిన్ ఊహ దూరాలోచనగా తోచదు. నాకూ ఆ ఊహంటే ఇష్టమే. కానీ ఇష్టం వేరు, రుజువు వేరు. నాలుగు వేల ఏళ్ల మధ్యకాలంలో ఎన్ని జాతులు కలిశాయో, ఎన్ని ఆచారాలు పుట్టి గిట్టాయో లెక్కలేనప్పుడు, నేటి చిట్లాకుప్ప వెలుగులో నాటి దొడ్డిని పూర్తిగా చూసేశామనుకోవడం తొందరపాటే అవుతుంది.

పిడుదులు, ఈగలు, గాలికుంటు వంటి బాధలు తెలిసిన కాపరులు దొడ్డిని శుభ్రం చేయడానికే కాల్చి ఉంటారన్నది ఇంకొక ఆలోచన. ఈ మాటలోనూ బలం ఉంది. ఇప్పటికీ పల్లెల్లో కొట్టానికి పొగ పెట్టడం మనకు తెలిసిందే. కానీ శుభ్రత కోసమే అయితే పేడను దూరంగా తీసుకుపోయి పారబోయవచ్చు కదా, అదే చోట అంత ఎత్తుకు ఎందుకు పెరగనిచ్చారన్న ప్రశ్న మిగిలిపోతుంది. దూరానికి కనిపించేలా, తరతరాలు గుర్తుపెట్టుకునేలా, ఇది మా మంద నిలిచిన చోటు అని నేల మీద గుర్తు నిలపడానికే దిబ్బను కావాలని పెంచారని ఇటీవలి పరిశోధకులు కొందరు వాదిస్తున్నారు. అంటే మనకిప్పుడు చెత్తగా కనిపించేది వారి దృష్టిలో ఒక కట్టడమే కావచ్చునన్నమాట.

పుణేలోని డెక్కన్ కళాశాలకు చెందిన ఆచార్య కాట్రగడ్డ పద్దయ్య ఈ దిబ్బల అధ్యయనానికి దశాబ్దాలు వెచ్చించారు. కర్ణాటకలోని షోరాపూర్ ప్రాంతంలో బూదిహాళ్ అనే చోట 1989 నుంచి 1997 దాకా ఆయన సాగించిన తవ్వకాలు ఈ చర్చను ఒక మలుపు తిప్పాయి. అక్కడ దిబ్బ ఒంటరిగా లేదు. పశువుల దొడ్డి, పేడ పోసి కాల్చిన చోటు, దాని చుట్టూ ఇళ్ల పునాదులు, చిన్నపిల్లలను కుండల్లో పెట్టి పూడ్చిన ఆనవాళ్లు, పశువులను కోసి మాంసం పంచుకున్నట్టు చూపే ఎముకలు, రాతి పనిముట్లు పరుచుకున్న నేల, అన్నీ ఒక్కచోటే బయటపడ్డాయి. కాబట్టి దిబ్బంటే సంచార కాపరుల తాత్కాలిక మజిలీ అన్న పాత చిత్రాన్ని దిద్దుకోవలసి వచ్చింది. మా అనంతపురం జిల్లా పాలవాయిలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామిరెడ్డి తవ్వకాలు జరిపి దిబ్బతోపాటు జనావాసాన్నీ పరిశీలించారు. ఒక చోట నిజమైన సంగతి మరో చోట నిజం కాకపోవచ్చు. వంద దిబ్బలకూ ఒకే ప్రయోజనం ఉండి తీరాలన్న నియమమూ లేదు.

ఆ మనుషులు ఉత్త పశుపాలకులు కూడా కాదు. ఆ కాలపు ఆవాసాల మట్టిని నీటిలో కడిగి, తేలిన మసి గింజలను పరీక్షించిన డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్ తదితరులు అండుకొర్రలు, కొర్రజాతి గింజలు, పెసలు, ఉలవలు అక్కడ పండించారని తేల్చారు. బయటి నుంచి వచ్చిన గోధుమా బార్లీ కంటే ముందు ఈ మెట్టనేల సొంత పంటలు ఇక్కడ సాగులోకి వచ్చాయన్నమాట. అనంతపురం జిల్లాలో ఉలవ చేను చూసిన ప్రతిసారీ నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. మన మాటల్లోనూ ఆ బ్రతుకు నీడలు ఉన్నాయేమోనని నా అనుమానం. రాయలసీమలో ‘కొట్టాల’తో ముగిసే ఊరిపేర్లు, ‘దొడ్డి’ చేరిన ఊరిపేర్లు ఎన్నో. నల్లమలలో చెంచుల గూడేలను పెంటలంటారు. మనకు పెంట అంటే ఎరువు. అక్కడ అదే మాట మనుషులు నివసించే చోటుకు పేరు. పశువు నిలిచిన చోటే మనిషి నిలిచిన చోటు అయిన కాలాన్ని ఆ ఒక్క మాట మోస్తున్నట్టు తోస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, భాషావేత్తలు సరిదిద్దితే సంతోషంగా నేర్చుకుంటాను.

ఇంతకీ ఉద్దేశం తెలియని మట్టి కట్టడాన్ని కాపాడుకోవలసిన అవసరం ఏమిటని అడిగేవారికి ఒక పరదేశపు ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండ్ ఉత్తరాన పెన్రిత్ పట్టణం పక్కన, ఈమంట్ బ్రిడ్జ్ అనే ఊళ్లో, గుండ్రటి కందకం, దాని వెలుపల మట్టికట్ట ఉన్న ఆవరణ ఒకటుంది. కొత్తరాతి యుగం చివరి నాటిది. ఆర్థర్ రాజు తన వీరులతో ఇక్కడ పోటీలు నడిపేవాడని జనం కథ చెప్పుకున్నారు, అందుకే దానికి ఆర్థర్ గుండ్రబల్ల అన్న పేరు. మనకు వాలి చితి ఎలాంటిదో వారికి అది అలాంటిది. కందకం లోపలి వైపు, కట్ట వెలుపలి వైపు ఉండడంతో అది కోట కాదని చెప్పగలుగుతున్నారు. సమావేశాలకా, పూజలకా, సంతలకా అన్నది మాత్రం తేలలేదు. అయినా 1882లో బ్రిటన్ తన తొలి పురాతన కట్టడాల రక్షణ చట్టం చేసినప్పుడు, ప్రసిద్ధ రాతిస్తంభాల వలయం స్టోన్‌హెంజ్‌తోపాటు ఈ మట్టికట్టనూ జాబితాలో చేర్చింది. అప్పటికే దానికి నష్టం జరిగింది. రోడ్లు ఒక పక్క కోసేశాయి, పందొమ్మిదో శతాబ్దపు మొదట్లో పక్కనున్న సత్రం యజమాని అక్కడ తేనీటి తోట పెట్టాలని కందకాన్ని మార్చాడు. మిగిలినదాన్ని నిలబెట్టుకున్నారు. 1937లో కాలింగ్‌వుడ్ అనే పండితుడు అక్కడ తవ్వి, గుంజలు పాతిన గుంతలను గుర్తించానని ప్రకటించాడు. రెండేళ్ల తరువాత, 1939లో, గెర్హార్డ్ బెర్సు అనే పురావస్తు శాస్త్రవేత్త అదే చోట మళ్లీ తవ్వి, ఆ గుంతల్లో చాలావరకు మనుషులు చేసినవి కావని చూపించాడు. పొరపాటు దిద్దుకోవడం వీలైంది ఎందుకంటే స్థలం ఇంకా ఉంది. పెద్ద పండితుడు చెప్పిన మాటైనా మట్టి ముందు నిలబడి మళ్లీ పరీక్షించుకోవాలి. మట్టే లేకపోతే మొదట చెప్పిన మాటే, తప్పైనా ఒప్పైనా, శాశ్వతంగా మిగిలిపోతుంది.

మన దిబ్బల విషయంలోనూ ఇప్పటిదాకా జరిగిందిదే. ఫుట్ మాటను జాయ్‌నర్ పరీక్షించాడు, ఆల్చిన్ మాటను పద్దయ్య పరీక్షించారు. రేపటి పరిశోధకుల చేతిలో ఇంకా పదునైన సాధనాలు ఉంటాయి. పొరల నుంచి మట్టిని చెదరకుండా అచ్చుగా తీసి, పలుచగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ పొర కాలింది, ఏ పొర కాలకముందు పశువుల కాళ్ల కింద నలిగింది అని ఇప్పటికే చెప్పగలుగుతున్నారు. పేడలో మిగిలిన గడ్డి గింజల ఆనవాళ్లను బట్టి పశువులు ఏ రుతువులో ఏ మేత మేశాయో తెలుసుకోవచ్చు. ప్రతి మంటా ఒకే రుతువులో మండిందని కొన్ని దిబ్బల్లోనైనా తేలితే, పండుగ వాదానికి బలం వస్తుంది. అలా కాక అడపాదడపా మండిందని తేలితే మరో జవాబు వెదకాలి. అంటే ఈ ప్రశ్న ఎప్పటికీ తేలనిది కాదు. తేల్చగల సాక్ష్యం ఆ పొరల వరుసలో ఉంది. యంత్రం ఎత్తిన తొట్టెడు మట్టిలో బూడిద మొత్తం ఉంటుంది గాని వరుస ఉండదు. చేనిలో చల్లిన బూడిదను వెనక్కి తెచ్చి కుప్ప పోసినా అది మళ్లీ దిబ్బ కాదు.

చట్టాలు లేక కాదు. కేంద్రం 1958లో చేసిన చట్టం, దానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలానికి నూరు మీటర్ల దాకా నిర్మాణ నిషేధం, ఆపై రెండు వందల మీటర్ల దాకా నియంత్రణ ఉన్నాయి. రక్షిత కట్టడానికి నష్టం కలిగిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం ఉంది, తెలంగాణ 2017లో తనకంటూ వారసత్వ చట్టం చేసుకుంది. కానీ జాబితాకెక్కినంత మాత్రాన రక్షణ దక్కదు. కేంద్ర రక్షణలోని 3,693 కట్టడాల్లో 50 కనిపించడం లేదని కేంద్ర సంస్కృతి శాఖే 2022 డిసెంబరులో పార్లమెంటరీ సంఘానికి తెలిపింది. పట్టణాలు పెరిగి కొన్ని, జలాశయాల్లో మునిగి కొన్ని, ఆచూకీ దొరకక కొన్ని పోయాయి. గోపురమో శాసనమో ఉన్నవాటికే ఈ గతి పడితే, గోడా లేని, రాతా లేని బూడిద దిబ్బ మాయమైతే గుర్తించేదెవరు? బళ్లారి పక్కన సంగనకల్లు, కుప్పగల్లు గుట్టల మీది కొత్తరాతి యుగపు ఆనవాళ్లు గ్రానైటు క్వారీల కింద నలిగిపోతున్నాయని పరిశోధకులు మొరపెట్టుకోవలసి వచ్చింది. అక్కడ బళ్లారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరిట ఒక మ్యూజియమైనా వెలిసింది. మన వైపు పిల్లలకు దిబ్బను పరిచయం చేసే చిన్న గదైనా నేను చూడలేదు.

నా విన్నపం పెద్దదేమీ కాదు. దిబ్బ ఉన్న భూమిని రెవెన్యూ రికార్డులో బంజరుగానో, పోరంబోకుగానో, ఎవరి పట్టాలోనో గుర్తు లేకుండా కలిపేసి ఉంచినన్నాళ్లూ ఏ అధికారి ఆపాలనుకున్నా ఆధారం దొరకదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ప్రతి గట్టునూ కొలుస్తున్నారు కదా, ఆ కొలతల్లోనే దిబ్బ ఉన్న మేరకు విడిగా ఒక ఉపవిభాగం చూపి, ‘పురావస్తు స్థలం’ అని ఒక్క మాట రాస్తే చాలు, మట్టి తవ్వకానికి అనుమతి అడిగినవారికి అక్కడే అడ్డుకట్ట పడుతుంది. తెలంగాణలోనూ ఆ పని జరగాలి. దిబ్బ పట్టా భూమిలో ఉంటే ఆ రైతుకు న్యాయమైన పరిహారమో, పక్కన మరో చోట భూమో ఇవ్వాలి. అతడు కోరుకోకుండానే అతడి పొలంలో చరిత్ర ఉన్నందుకు నష్టం అతడొక్కడే భరించకూడదు. దిబ్బ చుట్టూ ముళ్లతీగ కంటే, ఆ ఊరి యువకుల్లో ఒకరికి కాపలా జీతం ఇచ్చి, తాను కాపాడుతున్నది ఏమిటో అతడికి వివరంగా నేర్పడం మేలని నా అనుభవం చెబుతోంది.

బోర్డు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రక్షిత స్థలాల్లో నేను చూసిన బోర్డుల్లో చాలావాటిలో శిక్షల హెచ్చరికే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, స్థలం గురించి రెండు ముక్కలు కూడా ఉండవు. బూడిద దిబ్బ దగ్గర పెట్టే బోర్డు మీద, ఇది కొత్తరాతి యుగపు పశుపాలకులు పేడ కాల్చిన చోటని, ఎందుకు కాల్చారో ఇంకా తేలలేదని, మూడు నాలుగు అభిప్రాయాలు ఉన్నాయని, ఆ అభిప్రాయాలేమిటో, ఊరివాళ్లు చెప్పుకునే కథతో సహా, తెలుగులో తేట మాటల్లో రాయాలి. తెలియదని రాస్తే స్థలం విలువ తగ్గుతుందని కొందరు అధికారులు నాతో అన్నారు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పాను. తరగతిలో నిద్రపోయే పిల్లవాడు కూడా లేచి కూర్చునే మాట ఏదైనా ఉందంటే, అది ‘ఇది ఇంకా ఎవరికీ తెలియదు’ అన్న మాటే. నాతోపాటు దిబ్బ చూడ్డానికి వచ్చిన పెళ్లివారి పిల్ల ఒకతె, ఏడో తరగతి చదువుతోంది, పేడ అని చెప్పగానే ముక్కు మూసుకుని నవ్వింది. ఎందుకు కాల్చారో తెలియదనగానే నవ్వు ఆపి, ‘తాతా, దోమలకేమో’ అంది. ఆ పిల్ల చెప్పిన జవాబును పండితులు కూడా పరిశీలించారని చెబితే ఎంత సంతోషపడిందో.

మీ పత్రికకు పల్లెపల్లెనా విలేకరులు ఉన్నారు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల వైపు పనిచేస్తున్నవారు తమ మండలంలో బూదిదిబ్బ, బూదిగడ్డ, బూడిదగుంట అనే పేర్లతో పిలిచే చోట్లు ఎక్కడున్నాయో, ఏ సర్వే నంబరులో ఉన్నాయో, ఎంత మిగిలి ఉన్నాయో ఫొటోతో సహా నమోదు చేసి ప్రచురిస్తే, కలెక్టర్లకూ పురావస్తు శాఖలకూ అంతకంటే సూటైన ఆధారం ఉండదు. పాఠకులు కూడా తమ ఊరి దిబ్బ వివరాలు మీకు పంపాలని కోరుతున్నాను. మా ఊరి దిబ్బ కొలతలు, మిగిలిన దక్షిణ భాగం ఫొటోలు ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను. వేసవిలో మట్టి తోలకాలు మళ్లీ మొదలవుతాయి కనుక ఈలోగానే ప్రచురించగలరు.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
అనంతపురం జిల్లా.